ఎండలోకి వెళ్లే ముందు బట్ట, వచ్చిన తరువాత కలబంద

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయిందో లేదో, నాకు ఈ ప్రశ్న మొదలవుతుంది. "ముఖానికి రసాయనాలు పూసుకోవడం ఇష్టం లేదు. ఎండ నుంచి కాపాడే ఇంటి చిట్కా ఒకటి చెప్పండి." అడిగేవారిలో రోజూ బండి మీద కాలేజీకి వెళ్లే అమ్మాయిలున్నారు, మిరప కోతలకు వెళ్లేవారున్నారు, మంగు మచ్చలతో విసిగిపోయిన మా వదిన కూడా ఉంది. విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయాను కనుక ఈసారి వరుసగా రాసేస్తున్నాను.

చాలామందికి నచ్చని మాటను ముందే చెబుతాను. వంటింట్లో దొరికే ఏ వస్తువూ అతినీలలోహిత కిరణాలను నమ్మదగినంతగా ఆపదు. పసుపు ఆపదు, గంధం ఆపదు, పెరుగు ఆపదు. కొబ్బరినూనె ఏదో కొద్దిగా ఆపుతుందని కొన్ని ప్రయోగశాల లెక్కలు చెప్పినా, మన మే నెల ఎండ ముందు అది లెక్కలోకి రాదు. కిరణాలను ఆపేవి నీడ, బట్ట, ఆ రెండూ చాలని చోట జింకు పూత. కలబంద, ఓట్స్ వంటి వాటి పని ఎండ తగిలిన తరువాత మొదలవుతుంది. మంటను, వాపును తగ్గించడంలో అవి నిజంగా ఉపయోగపడతాయి. ఈ వరుసను తిరగేసి, ముఖానికి పసుపు పూసుకుని ధైర్యంగా ఎండలోకి వెళ్లడం వల్లే చిక్కంతా.

శాస్త్రం ఇక్కడికి కావలసినంతే చెబుతాను. అతినీలలోహిత కిరణాల్లో (పొట్టిగా యూవీ) చర్మాన్ని కాల్చి ఎర్రబరిచేది ప్రధానంగా యూవీ-బి రకం. లోతుకు దిగి ముడతలు తెచ్చేది, మంగును ముదిరించేది ఎక్కువగా యూవీ-ఎ. మామూలు కిటికీ అద్దం మొదటిదాన్ని చాలావరకు ఆపుతుంది కానీ రెండోదాన్ని పోనిస్తుంది. ఏళ్ల తరబడి కారు నడిపినవారి కుడిచేయి ఎడమచేతి కంటే నల్లగా ఉండటానికి కారణం అదే. ఈ కిరణాలకు వేడి ఉండదు కాబట్టి ఒంటికి తెలియవు. చల్లగాలి వీస్తున్నా, పల్చటి మబ్బు పట్టినా తమ పని తాము చేసుకుపోతాయి.

కావలసినవి

చిక్కటి నేత నూలు బట్ట: తువ్వాలు, చున్నీ, పొడుగు చేతుల చొక్కా, ఏదైనా సరే
గింజ తీసిన కరక్కాయ పెచ్చుల పొడి, పటిక (పచారీ కొట్లో దొరుకుతాయి)
కరెన్సీ నోట్లను పరీక్షించే చిన్న అతినీలలోహిత టార్చి (లేకపోయినా పని జరుగుతుంది)
పెరట్లోనో కుండీలోనో పెరిగిన కలబంద
మసాలా, చక్కెర కలపని సాదా ఓట్స్
జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్

1. మీ నీడను కొలవండి

గడియారం కంటే నీడను నమ్మండి. ఎండలో నిలబడి చూడండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే కిరణాల తీవ్రత తక్కువ. మీ ఎత్తుకంటే పొట్టిగా ఉంటే బట్ట కప్పుకోవలసిన సమయం వచ్చినట్టు. నీడ కాళ్ల కిందికి చేరితే అసలు బయటికి వెళ్లకపోవడమే మంచిది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటివారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12 దాటిన కొన్ని నిమిషాలకు నిలువుగా పెట్టిన కర్రకు నీడే పడదు. ఆగస్టులో వేసవి పోయింది కదా అని చున్నీ పక్కన పెట్టేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మన ఊళ్లలో వేడి బాగా ముదిరేది మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య. అందుకని "వడగాలి మొదలుకాకముందే పని చూసుకుందాం" అని పదకొండు గంటలకు బయల్దేరి, ఒంటిగంటకు ఇల్లు చేరతారు. వడదెబ్బ తప్పించుకోవడానికి అది మంచి ఆలోచనే. చర్మానికి మాత్రం ఆ రెండు గంటలే అన్నిటికంటే చెడ్డవి. రెండిటి నుంచీ తప్పించుకోవాలంటే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత పనులు పెట్టుకోండి.

ఫోనులో వాతావరణం చూపించే చోట యూవీ సూచిక అని ఒక అంకె ఉంటుంది. అది 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రక్షణ అవసరం. మన వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే.

2. బట్టను ఎంచుకోండి, వీలైతే కరక్కాయ పట్టించండి

ఎండకు తెల్లటి పల్చటి నూలు మేలని పెద్దలు చెప్పేది వేడి గురించి. కిరణాల విషయంలో పల్చటి తెల్ల మల్లు బట్ట దోమతెర కంటే కొంచెం నయం, అంతే. తడిస్తే ఇంకా పోనిస్తుంది. చెమటకు తడిసిన తెల్ల చొక్కా వీపుకు అంటుకున్నప్పుడు లోపలి చర్మం కనిపిస్తుంది చూడండి, కిరణాలకూ అదే దారి.

బట్టను చేత్తో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. నేత సందుల్లోంచి చుక్కల్లా వెలుగు కనిపిస్తే అది పనికిరాదు, లేదా రెండు మడతలు వేసి వాడాలి. చిక్కటి నేత, ముదురు రంగు, వదులు కుట్టు, ఈ మూడూ ఉన్నది మంచిది. మిల్లులో తెల్లబరచిన గుడ్డ కంటే కోరా బట్ట నయం. పత్తిలో సహజంగా ఉండే పదార్థాలు కొన్ని ఈ కిరణాలను పీల్చుకుంటాయి, తెల్లబరిచినప్పుడు అవి పోతాయి.

ఇక ప్రకృతి వైద్యం కావాలని పట్టుబట్టేవారికి నేను చెప్పే అసలు చిట్కా ఇదే. మూలికను చర్మానికి కాదు, బట్టకు పట్టించండి. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ పనివారు రంగు వేసే ముందు బట్టను కరక్కాయ నీళ్లలో ముంచుతారు. రంగు పట్టడానికి వారు చేసే ఆ పనే మనకు ఇంకో విధంగా కలిసొస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం, అంటే టానిన్, అతినీలలోహిత కిరణాలను బాగా పీల్చుకుంటుంది. నీలిమందు రంగు వేసిన నూలు కూడా ఇలాగే పనిచేస్తుంది.

చేసే విధానం:

క) బట్టను పొడిగా ఉన్నప్పుడు తూచండి. 100 గ్రాముల బట్టకు 20 గ్రాముల కరక్కాయ పొడి, 15 గ్రాముల పటిక సరిపోతాయి.

ఖ) కొత్త బట్టయితే గంజి పూర్తిగా పోయేదాకా వేడినీళ్లలో, సబ్బుతో రెండుసార్లు ఉతకండి. గంజి ఉన్న చోట కరక్కాయ పట్టదు, మరకలు మరకలుగా వస్తుంది.

గ) రెండు మూడు లీటర్ల వేడినీళ్లలో కరక్కాయ పొడి కలిపి, ఒక గంట ఆగి, గుడ్డలో వడకట్టండి. తడి బట్టను అందులో ముంచి రాత్రంతా ఉంచండి. మధ్యలో రెండు మూడుసార్లు తిరగేయండి. ప్లాస్టిక్ బకెట్ గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. ఇనుప బాణలి వాడితే బట్ట బూడిదరంగుకు తిరుగుతుంది. ఇనుము, కరక్కాయ కలిస్తే నలుపు పుడుతుంది, కలంకారీలో నల్లగీత వచ్చేది ఆ గుణంతోనే. ముదురు రంగు కావాలనుకుంటే అదీ మంచిదే, కానీ అనుకోకుండా జరిగితే ఇంట్లో మాట పడాల్సి వస్తుంది.

ఘ) నీళ్లలో జాడించకుండా పిండి, నీడలో ఆరబెట్టండి.

ఙ) పటికను వేడినీళ్లలో కరిగించి, చల్లారాక బట్టను ఒక గంట నానబెట్టి, పిండి ఆరేయండి. మర్నాడు మంచినీళ్లలో బాగా జాడించండి. లేత పసుపు, గోధుమ కలిసిన రంగు వస్తుంది.

తరువాత ఉతకడానికి కుంకుడు రసం గానీ ఘాటు లేని సబ్బు గానీ వాడండి. ఘాటైన పౌడర్లతో ఉతుకుతుంటే రంగు వెలుస్తుంది, దాంతో రక్షణా తగ్గుతుంది. వెలిసినప్పుడు మళ్లీ ముంచుకోవచ్చు. మొదటి రెండు మూడుసార్లు చెమటకు రంగు దిగవచ్చు కనుక లేత రంగు చొక్కా మీద వేసుకోకండి. ఇంకొక హెచ్చరిక: కరక్కాయ దారాలను బాగుచేస్తుంది, దారాల మధ్య సందులను మూయలేదు. పల్చటి బట్టకు ఎంత కరక్కాయ పట్టించినా ఫలితం అంతంత మాత్రమే.

ఇంట్లోనే పరీక్ష: చీకటి గదిలో ఒక కరెన్సీ నోటు మీద అతినీలలోహిత టార్చి వేయండి. నోటు సంఖ్య ముద్రించిన చోట మెరుస్తుంది. ఇప్పుడు టార్చికీ నోటుకూ మధ్య బట్ట అడ్డుపెట్టండి. మెరుపు ఎంత తగ్గితే బట్ట అంత మంచిది. కరక్కాయ పట్టించిన బట్టను, పట్టించనిదాన్ని పక్కపక్కనే చూస్తే తేడా తెలుస్తుంది. కొన్ని తెల్లబట్టలు తామే నీలంగా మెరుస్తాయి, అది ఉతికే పౌడర్‌లో కలిపే తెల్లదనపు మందు. దాన్ని చూసి కంగారు పడకండి, నోటు సంఖ్యనే చూడండి. ఈ టార్చిలో ఉండేది యూవీ-ఎ మాత్రమే కనుక ఈ పరీక్ష రెండు బట్టలను పోల్చడానికే తప్ప ఏ బట్టకూ యోగ్యతాపత్రం ఇవ్వదు. టార్చి వెలుగును నేరుగా కంట్లోకి చూడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

గొడుగుకూ ఇదే సూత్రం. నల్లగా, చిక్కగా ఉండాలి. కానీ గొడుగు పైనుంచి వచ్చేదాన్నే ఆపుతుంది. సముద్రపు ఒడ్డున పొడి ఇసుక 15 శాతం, అలల నురగ 25 శాతం కిరణాలను తిప్పికొడతాయి. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మన పిల్లలకైతే కొత్తగా పడిన మంచు 80 శాతం దాకా తిప్పికొడుతుంది. చలిలో ముఖం ఎందుకు కమిలిందో అర్థం కాక ఫోను చేస్తుంటారు.

3. ఎండలోకి వెళ్లే ముందు ఒంటి మీద ఉండకూడనివి

ఈ అంచెను దాటేయకండి. నా అనుభవంలో ఎక్కువమందికి చెడు జరిగేది ఇక్కడే.

మొదటిది నిమ్మరసం. నలుపు పోతుందని ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని బయటికి వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, సోరాలెన్ జాతి పదార్థాలు ఉంటాయి. చర్మం మీద అవి ఉండగా యూవీ-ఎ తగిలితే రసాయనంతో కాలినట్టే కాలుతుంది. ఒక వేసవిలో మా బంధువుల పెళ్లింట పెరట్లో కూర్చుని రెండు బుట్టల నిమ్మకాయలు పిండాను. ఆ రోజు ఏమీ లేదు. రెండో రోజుకు వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, రసం కారిన దారి వెంట చారలు చారలుగా ఎర్రబడి బొబ్బలెక్కాయి. బొబ్బలు వారంలో మానాయి, ఆ నల్లచారలు పోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఏదో విషపు పురుగు పాకిందని ఇంట్లో అందరూ తేల్చేశారు. నిమ్మకాయలు పిండితే నీడలో పిండండి, ఎండలోకి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడగండి.

రెండోది సున్నిపిండిలో వేసే బావంచాలు. కచ్చూరాలు, వట్టివేళ్లు, తుంగముస్తెలతో పాటు ఈ గింజలనూ కలిపి పట్టించడం మనకు మామూలే. ఆ వాసన నాకూ ఇష్టమే. కానీ బావంచాలలో సోరాలెన్ ఉంటుంది. ఆయుర్వేదంలో ఇవి బొల్లికి మందు. మచ్చకు పూసి ఎండ చూపించడమే అందులో కీలకం, అంటే చర్మం ఎండకు ఎక్కువగా స్పందించాలనే వాడతారు. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కాబట్టి వేసవి సున్నిపిండిలో బావంచాలు మానేయండి. ఇప్పటికే పట్టించి ఉంటే రాత్రి స్నానానికి వాడి, బాగా కడిగేసుకోండి. బజారులో కొన్న పొడయితే పెట్టె మీద పేర్లు చదవండి, బాకుచి అని ఉన్నా ఇదే.

మూడోది మందులు. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, రక్తపోటుకు వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. అలాగని మీ అంతట మీరు మానేయకండి. మందులు రాసిన వైద్యుడిని ఒక్కసారి అడగండి, అప్పటిదాకా బట్ట ఎక్కువ కప్పుకోండి.

4. బట్ట కప్పని చోట జింకు

ముక్కు, బుగ్గలు, చెవి అంచులు, మెడ వెనుక, పాదాల పైభాగం. బట్ట నిలవని ఈ చోట్లకు పూత తప్పదు. రసాయనాలు వద్దనేవారికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న ఖనిజపు సన్‌స్క్రీన్లు ఉన్నాయి. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి, యూవీ-ఎ రక్షణకు గుర్తుగా పీఏ పక్కన కనీసం మూడు కూడిక గుర్తులు చూసుకోండి. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా చర్మం కాలకుండా ఆపే గుణాన్ని కొలిచేదే కనుక అదొక్కటే చూస్తే చాలదు.

ఎంత పూయాలి? చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండండి. ముఖానికి, మెడకు కలిపి అంత కావాలి. శనగగింజంత తీసుకుని ముఖమంతా పులిమితే పెట్టె మీది అంకెలో చిన్న భాగమే దక్కుతుంది. రెండు గంటలకోసారి, బాగా చెమట పట్టాక మరోసారి పూయాలి. జింకు మన చామనఛాయ మీద బూడిద పూసినట్టు కనిపిస్తుందని చాలామంది వాపోతారు. నిజమే. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన, చర్మపు రంగులో ఉండేవి తీసుకోండి. మంగు మచ్చలున్నవారికి అవే మేలు, ఎందుకంటే మంగును కంటికి కనిపించే వెలుగు కూడా ముదిరిస్తుంది, దాన్ని కొంతవరకు ఆపేది ఈ రంగే.

జింకు పొడి కొని కొబ్బరినూనెలో కలిపి ఇంట్లోనే సన్‌స్క్రీన్ చేయవచ్చా అని ప్రతిసారీ అడుగుతారు. చేయకండి. ఆ పొడి ఉండలు కట్టి, చర్మం మీద ఒకచోట మందంగా, ఒకచోట అసలు లేకుండా పరుచుకుంటుంది. కంటికి అంతా తెల్లగానే కనిపిస్తుంది. ఏ మేరకు ఆపుతోందో ఇంట్లో కొలిచే దారి లేదు. క్యారెట్ గింజల నూనెకు ఇంత ఎస్‌పీఎఫ్ ఉందని తిరిగే లెక్కలనూ నమ్మకండి. లేత గులాబీరంగు కాలమైన్ లోషన్‌లో జింకు ఉన్నా అది దురదకే, ఎండకు కాదు.

5. ఎండ తగిలి వచ్చిన తరువాత మొదటి గంట

మన చర్మపు రంగులో ఎరుపు అంతగా కనిపించదు, అందుకే చాలామంది "నాకేమీ కాలేదు" అనుకుంటారు. చేతి వెనుక భాగంతో బుగ్గను, తరువాత బట్ట కప్పిన భుజాన్ని తాకి పోల్చండి. బుగ్గ వేడిగా ఉండి, వేలితో నొక్కితే నొప్పిగా, బిగుసుకున్నట్టుగా ఉంటే అది కాలినట్టే.

ముందు నీళ్లు. కుళాయి నీటిలో, కుండ నీటిలో ముంచిన మెత్తటి గుడ్డను 10, 15 నిమిషాలు వేసి ఉంచండి. వట్టివేళ్లు నానబెట్టిన నీళ్లయితే హాయిగా ఉంటాయి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, కాలిన చర్మానికి చలి దెబ్బ కూడా తోడవుతుంది. ఆ తరువాత మజ్జిగో, కొబ్బరి నీళ్లో, మంచినీళ్లో కడుపునిండా తాగండి.

తరువాత కలబంద. దీన్ని సరిగ్గా తీయడం తెలియకే సగంమందికి దురద వస్తుంది.

అడుగున ఉన్న ముదురు మట్టను మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో 15 నిమిషాలు నిలబెట్టండి. పచ్చటి చేదు సొన కారుతుంది. చర్మానికి దురద పెట్టేది ఇదే. మట్టను కడిగి, ముళ్ల అంచులు రెండువైపులా కోసేసి, పైతొక్క తీయండి. లోపలి గుజ్జును మళ్లీ నీళ్లలో కడగండి. గుజ్జు నీళ్లలా తేటగా ఉండాలి, ఎక్కడైనా పసుపు జీర కనిపిస్తే ఇంకోసారి కడగండి. చెంచాతో మెదిపి పల్చగా పూయండి, ఆరిన తరువాత మళ్లీ పూయవచ్చు. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. మిగిలినది మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకండి.

మొదటిసారి వాడుతుంటే ముందుగానే, అంటే ఎండ దెబ్బ తగలని రోజుల్లోనే, మోచేతి మడతలో పూసి పరీక్షించుకోవాలి. రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు. దద్దురు రాకపోతే మీకు పడుతుంది. కాలిన ముఖం మీద మొదటి ప్రయోగం చేయకండి. అందం కోసం పెంచే రకరకాల కలబందలు అన్నీ ఒకటి కావు, ఏదో తెలియనిది వాడకండి. సీసాలో దొరికే ఆకుపచ్చ జెల్‌లో చాలాసార్లు రంగు, పరిమళం, ఆల్కహాల్ ఉంటాయి, అవి మండిస్తాయి.

కలబంద దొరకకపోతే చల్లటి తడిగుడ్డ, పరిమళం లేని మాయిశ్చరైజర్ చాలు. పెరుగు చల్లగా ఉంటుంది కానీ పులుపు వల్ల చిట్లిన చర్మం మీద మండుతుంది, చర్మం చిట్లకపోతేనే రాయండి.

6. ఆ రాత్రి, మర్నాడు

మంట బాగా ముదిరేది ఎండ తగిలిన 12 నుంచి 24 గంటల మధ్య. మధ్యాహ్నం ఎండలో తిరిగితే మర్నాటి ఉదయానికి ఎక్కువవుతుంది. కలబంద పూసినా ఎక్కువైంది కాబట్టి అది పనిచేయలేదని తేల్చి, ఇంకేదో పూసేస్తారు. ఆగండి. ఏది పనిచేసిందో మూడో రోజు చూసి చెప్పాలి.

ఒంటి మీద ఎక్కువ భాగం కాలితే ఓట్స్ స్నానం మంచిది. రెండు పిడికిళ్ల సాదా ఓట్స్‌ను మిక్సీలో మెత్తటి పిండిగా ఆడండి. ఒక చెంచా పిండి గ్లాసు నీళ్లలో కలిపి చూడండి. నీళ్లు పాలలా మారి, పిండి వెంటనే అడుక్కి దిగకపోతే సరిగ్గా ఆడినట్టు. ఇసుకలా దిగితే మళ్లీ ఆడండి. పిండిని బకెట్ గోరువెచ్చని నీళ్లలో కలిపి, చెంబుతో మెల్లగా 10 నిమిషాలు పోసుకోండి. రుద్దకండి. తువ్వాలుతో అద్దుకుని, చర్మం కొంచెం తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. ఈ నీళ్లు పడ్డ స్నానాలగది నేల జారుతుంది, ఇంట్లో పెద్దవారు ఉంటే వెంటనే కడిగేయండి. మసాలా ఓట్స్‌తో స్నానం చేసి మంట పెంచుకున్న మహానుభావుడు ఒకరు నాకు తెలుసు, అందుకే సాదా అని రెండుసార్లు రాశాను.

కొబ్బరినూనె ఎప్పుడు? మొదటి రోజు వద్దు, వేడి పోకుండా పట్టి ఉంచుతుంది. వేడి పూర్తిగా తగ్గి, చర్మం పొడిబారి పొట్టు లేవడం మొదలయ్యాక పల్చగా రాసుకోవచ్చు. లేచిన పొట్టును గిల్లకండి. సున్నిపిండితో రుద్దడం, చక్కెరతో తోమడం వారం పాటు పూర్తిగా మానేయండి. టూత్‌పేస్టు, నెయ్యి, వంటసోడా, ఇవేవీ వద్దు.

7. కడుపులోంచి కొంత సాయం: టమాటా

తిండితో చర్మాన్ని కాపాడుకునే మాటల్లో కాస్త ఆధారం ఉన్నది టమాటాకు. 2001లో జర్మనీ పరిశోధకులు కొందరికి రోజుకు 40 గ్రాముల టమాటా ముద్దను 10 గ్రాముల ఆలివ్ నూనెతో పది వారాలు తినిపించారు. చివరికి వారి చర్మం అదే మోతాదు కిరణాలకు, టమాటా తినని వారి కంటే 40 శాతం తక్కువ ఎర్రబడింది. కొద్దిమంది మీద, తెల్లటి చర్మం ఉన్నవారి మీద చేసిన ప్రయోగమిది. వినడానికి 40 శాతం పెద్దదిగా ఉన్నా, సన్‌స్క్రీన్ ఆపేదాంతో పోలిస్తే చాలా చిన్నది. అయినా నష్టం లేనిది, రుచి ఉన్నది కనుక చేయమంటాను.

పనిచేసే పదార్థం లైకోపీన్. పచ్చి ముక్కల కంటే నూనెలో మగ్గించినప్పుడు ఒంటికి బాగా పడుతుంది. అంటే టమాటా పచ్చడి, టమాటా పప్పు, మన వంటే సరిపోతుంది. ఉప్పు, కారం మాత్రం చూసుకోండి. పది వారాలు అంటే సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే మార్చి చివరికి సిద్ధం. ఏప్రిల్‌లో ముఖం కమిలాక మొదలుపెడితే జూన్‌లో వానలొస్తాయి. టమాటాను ముఖానికి రుద్దితే ఈ ఫలితం రాదు. మూత్రపిండాల్లో రాళ్లు, కడుపులో మంట ఉన్నవారు ముందు వైద్యుడిని అడగండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

చెప్పు పట్టీ గుర్తే అన్నిటికంటే నిజం చెబుతుంది. పట్టీ కింద చర్మానికీ, పక్కన చర్మానికీ ఉన్న తేడా వేసవి గడిచేకొద్దీ పెరుగుతోందా, ఉన్నచోటే ఉందా చూడండి. వాచీ పట్టీ, గాజుల కింద కూడా ఇలాగే. ప్రతి ఆదివారం ఉదయం ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫొటో తీసుకోండి. రాత్రి దీపం కింద తీసిన ఫొటోలు పోల్చడానికి పనికిరావు.

పసుపు పూసుకున్న మర్నాడు ముఖం మెరుస్తోందని మురిసిపోకండి, అది పసుపు రంగే. కమిలిన నలుపు తగ్గడానికి వారాలు పడుతుంది, ఎందుకంటే పైచర్మం పూర్తిగా మారడానికే నెల పైన కావాలి. ఒక్కరాత్రిలో నలుపు పోగొడతామనే పొడి ఏదైనా సరే, దానికి డబ్బు పెట్టకండి.

ఇంటి వైద్యం ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లవలసినప్పుడు

పెద్ద బొబ్బలు లేచినా, బొబ్బల్లో చీము పట్టినా, జ్వరం, వణుకు, వాంతులు వచ్చినా, కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోయినా వెళ్లండి. బొబ్బలను చిదపకండి, వాటి మీద కలబంద కూడా పూయకండి. మాట తడబడి, స్పృహ తప్పుతుంటే అది చర్మపు సంగతి కాదు, వడదెబ్బ. 108కి ఫోను చేసి, నీడకు చేర్చి ఒంటిని నీళ్లతో తడుపుతూ ఉండండి.

ఎండ తగిలిన ప్రతిసారీ బుగ్గల మీద దద్దురు వచ్చి కీళ్లు నొప్పులు పుడుతుంటే, పుట్టుమచ్చ ఆకారమో రంగో మారుతుంటే ఇంట్లో ఏదీ పూయకుండా చూపించుకోండి. బొల్లి ఉన్నవారికి తెల్లమచ్చల మీద ఎండ త్వరగా కాలుస్తుంది, అక్కడ బట్టా, జింకూ రెండూ వాడాలి.

ఆరు నెలల లోపు పసిపిల్లలకు సన్‌స్క్రీన్ వద్దు, కలబంద ప్రయోగాలూ వద్దు. నూనె రాసి ఎండలో పడుకోబెట్టే అలవాటు ఉంటే నీడ పొడుగ్గా ఉన్న తొలి ఎండలో, కొద్ది నిమిషాలే. ఆ తరువాత నీడలోకి తెచ్చి, బట్ట కప్పండి.